లాభం, రెండు, మూడు

మొన్న గద్వాల బస్టాండులో నేనెక్కాల్సిన బస్సు నా కళ్ల ముందే వెళ్లిపోయింది. తప్పు బస్సుది కాదు, డ్రైవరుదీ కాదు. తప్పు ఒక అంకెది.

గేటు పక్కన ఉడకబెట్టిన పల్లికాయ అమ్మే ఒకామె డబ్బాతో కొలిచి ఒకాయన సంచిలో పోస్తోంది. మొదటి డబ్బాకు "ఒకటి" అనలేదు, "లాభం" అంది. తర్వాత "రెండు" అంది, "మూడు" అంది. కండక్టరు విజిల్ వేసినా నా కాళ్లు కదల్లేదు. ఏడో డబ్బాకు ఆమె ఏమంటుందో వినాలి. ఆ సంచి ఆయన మూడింటితోనే ఆపేశాడు, ఉత్త పిసినారి. ఇక లాభం లేదని నేనే ముందుకెళ్లి ఏడు డబ్బాలు పొయ్యమన్నాను. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు" అని, ఒకసారి నా మొహంలోకి చూసి, "ఆరునొక్కటి" అని ముగించింది. నాకు కావలసింది దొరికింది. బస్సు అప్పటికి ఎర్రవల్లి చౌరస్తా దాటి ఉంటుంది. నా చేతిలో మాత్రం ఒక పెళ్లి బృందం కూర్చుని తిన్నా మిగిలేంత పల్లికాయ ఉంది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను మావాళ్లు లాభం అంటారు. ఏడును పలకరు. ఏడు అంటే అంకె ఒక్కటే కాదు, ఏడవమని చెప్పడం కూడా. కుప్ప ముందు నిలబడి దాన్ని ఏడవమనడం ఎవరికి ఇష్టం? అందుకని ఆరునొక్కటి. ఇరవయ్యారేళ్లుగా తెలకపల్లిలో లెక్కలు చెబుతున్న నాకు ఇది కొత్త సంగతేమీ కాదు. కానీ ఈ లెక్కను విమానం ఎక్కించి, సముద్రాలు దాటించి, జపాను రైల్వేవాళ్ల చేత ముద్ర ఉన్న కాగితం మీద రాయించిన మనిషిని నేను ఒక్కరినే చూశాను.

ఆమె పేరు రాయను. పాస్‌పోర్టులో ఒక పేరుండేది, అది ఆమెకే సరిగ్గా అలవాటు లేదు. ఎయిర్‌పోర్టులో ఆ పేరు పెట్టి పిలిస్తే, పాపం ఎవరినో పిలుస్తున్నారని ఆమె కూడా అందరితోపాటు వెనక్కి తిరిగి చూసింది. పిల్లలు పెద్దమ్మ అనేవారు. నేనూ అలాగే అన్నాను. నాకంటే ఆమె రెండేళ్లు చిన్నదని పాస్‌పోర్టులు సర్దేటప్పుడు తెలిసింది గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. ఒకసారి పెద్దమ్మ అయిన మనిషిని మళ్లీ చెల్లెల్ని చెయ్యడం ఏ లెక్కల సారు వల్లా కాదు.

ఆమె గద్వాల దిక్కు ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. అంతకుముందు ఇరవయ్యేళ్లు గుంపుతో తిరిగింది. గుంపు అంటే మా పాలమూరు మాటల్లో వలస కూలీల జట్టు. దాని పెద్ద గుంపు మేస్త్రి. ఏ ఊళ్లో కాలువ తవ్వాలన్నా, రోడ్డు పక్కన కేబులు గుంత తియ్యాలన్నా ఆ జట్టు సామాను కట్టుకుని రైలెక్కేది.

ఆ ఏడాది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల బడుల నుంచి సైన్సు ప్రదర్శనల్లో నెగ్గిన పన్నెండుమంది ఆడపిల్లలను ఎనిమిది రోజులు జపాను పంపుతామన్నారు. వెంట వెళ్లే సారుగా నన్ను వేశారు. నాకు ఇంగ్లీషు వచ్చని ఎవరో పుకారు పుట్టించారు, నేను ఖండించలేదు. ఆడపిల్లలు కాబట్టి ఒక ఆడమనిషి తప్పనిసరి. అనుకున్న సైన్సు మేడమ్ పాస్‌పోర్టుకు గడువైపోయింది, మిగతా మేడమ్‌లకు అసలు పాస్‌పోర్టే లేదు. మూడు జిల్లాలు జల్లెడ పడితే దొరికింది ఈ వంటామె. తొమ్మిదేళ్ల కింద మస్కట్‌లో ఇంటిపనికి పోదామని తీసుకుందట. పోయే రోజు పొద్దున మనసు మళ్లి, పాస్‌పోర్టును బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసిందట. పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకులు కూడా పెట్టింది. ఒక్క ముద్ర పడని ఆ పుస్తకంలో ఇంకా ఎనిమిది నెలల గడువు ఉంది.

మొదటిసారి కలిసినప్పుడు ఆమె నన్ను విమానం గురించి అడగలేదు, చలి గురించి అడగలేదు. "సారూ, ఆడ పిల్ల తప్పిపోతే ఎవలను అడగాలె?" అంది.

అక్కడ ఎవరూ తప్పిపోరని, అంత క్రమశిక్షణ గల దేశం భూమ్మీద లేదని నేను పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపిగ్గా విని, "దేశం మంచిదైతే పిల్లలు తప్పిపోరా?" అని లోపలికి పోయి పప్పు కలిపింది.

పిల్లల తల్లుల సంతకాల కోసం ఇద్దరం ఒక వ్యానులో పన్నెండు ఇళ్లు తిరిగాం. నా దగ్గర మూడు పేజీల కాగితం ఉండేది. ఆ కాగితాన్ని చూడగానే తల్లుల మొహాలు తలుపుల్లా మూసుకునేవి. అప్పుడు ఆమె ముందుకొచ్చి పిల్ల చెయ్యి తల్లితో పట్టించి, తన చేతిలో పెట్టించుకునేది. "నీ చేతులకెంచి తీస్కుంటున్న. మళ్ల నీ చేతులనే పెడత" అనేది. ఆ మాట తర్వాత సంతకం, వేలిముద్ర, ఏదడిగితే అది పడేది. చివరి ఇల్లు ఇటిక్యాల మండలంలో సువార్త అనే పిల్లది. తొమ్మిదో తరగతి. చేన్లో కలుపు తీసే తల్లి కోసం చక్రాల పీట తయారు చేసి బహుమతి కొట్టేసింది. మా నల్లరేగడిలో చక్రాలు కదలవని జడ్జీలకు తెలియకపోవడం ఆ పిల్ల అదృష్టం.

ఆ తల్లి మాత్రం చెయ్యి ఇవ్వలేదు. "నాకు తెల్సిన దూరం పుణె దాంక అక్కా. ఆ అవతల ఏముందో నాకు తెల్వదు. తెల్వని కాడికి పిల్లనెట్ల పంపాలె?" అంది.

నేను భూగోళం గురించి మొదలుపెట్టబోయాను. పెద్దమ్మ నా మోచేయి పట్టి ఆపింది. "నాకు గూడ తెల్వదు చెల్లే. అందుకే నేను వెంట పోతున్న" అంది.

నా సర్వీసులో ఇంత అన్యాయమైన తర్కం నేను వినలేదు. కానీ తల్లి పిల్ల చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఇక బ్యాడ్జీలు. నాగర్‌కర్నూలులో ఒకటి నుంచి పన్నెండు దాకా అచ్చు వేయించి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మెడలో వేసుకునే తాళ్లు కట్టించాను. హైదరాబాదు ఎయిర్‌పోర్టు బయట గర్వంగా పంచుతుంటే, ఏడో నంబరు సువార్తకు వచ్చింది. పెద్దమ్మ ఆ తాడు పిల్ల మెడలోంచి తీసేసింది.

"ఏందిది? ఏడు అని రాసి పిల్ల మెడకు గడ్తవా సారూ?"

ఇది అంకె మాత్రమేనని, ప్రపంచమంతా దీన్ని అదృష్ట సంఖ్య అంటుందని, ఇంద్రధనుస్సు, వారాలు, సప్తరుషులు అన్నీ ఏకరువు పెట్టాను. ఆమె నా మాటలు అయిపోయేదాకా ఆగి, ఆ బ్యాడ్జీని మళ్లీ నా చేతిలోనే పెట్టింది. లోపల చెకిన్ క్యూ పెరుగుతోంది. చివరికి కవరు పైన తెల్ల కాగితం అతికించి స్కెచ్ పెన్నుతో 6+1 అని రాశాను. ఒకటో నంబరు మీద కూడా కాగితం అతికించి తెలుగులో "లాభం" అని రాయించుకుంది. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినవాడి జీవితంలో ఇంతకంటే దిగజారుడు ఉండదని అప్పుడు అనుకున్నాను. ఉంటుందని అయిదో రోజు తెలిసింది.

విమానంలో ఆమె పక్క సీటు నాదే. పచ్చడి సీసా కథ చెబుతానని ఎదురుచూడకండి, ఆమె పచ్చడి తేలేదు. కిటికీలోంచి మబ్బుల్ని చూసి, దూది ఏకినట్టు ఉందని గాని, స్వర్గమని గాని అనలేదు. "కింద ఏముందో కనవడ్తలేదు. ఇంత దూరం పోతుంటే కనవడకుంటే ఎట్ల?" అని ఫిర్యాదు చేసింది. ఎయిర్‌హోస్టెస్ బెల్టు పెట్టడం నేర్పుతుంటే ఆమె కాలి చెప్పుల్ని చూసి, అంత ఎత్తు మడమలతో ఈ పిల్ల గుంపుల ఒక్క దినం పనిజెయ్యదంది.

లెక్కపెట్టడం మీద అంత పట్టింపు ఎందుకని నేను అప్పుడే అడిగాను. ఆమె పెద్దగా చెప్పలేదు. ఒకసారి పుణె దిక్కు ఒక పెద్ద స్టేషన్లో గుంపు రైలు మారుతోంది. మేస్త్రి తలలు లెక్కపెట్టాడు, ఇరవై రెండు సరిగ్గా వచ్చాయి, బండి కదిలింది. తర్వాత చూస్తే ఇరవై రెండులో ఒకామె ఎవరో పరాయి మనిషి, మూట పట్టుకుని వీళ్ల మధ్య కూర్చుంది. ఆగిపోయింది ఈమె ఆడబిడ్డ.

"దొరికిందా?" అన్నాను.

"తొమ్మిది దినాలకు దొరికింది సారూ. మళ్ల రైలెక్కలే."

ఆ తర్వాత నుంచి ఆమె మనుషుల్ని మొత్తంగా లెక్కపెట్టడం మానేసింది. ఎవరి అంకె వాళ్లకు ఇస్తుంది. తలకాయ మీద రెండు వేళ్లు పెట్టి ఆమె అంకె అనాలి, ఆ మనిషి "ఉన్న" అనాలి. అప్పుడే తర్వాతి అంకె. ఈ లెక్కలో చివరికి పన్నెండు వచ్చిందా అన్న ప్రశ్నే లేదు. నా శాస్త్రంలో లేని లెక్క ఇది.

జపానులో మొదటి నాలుగు రోజులు ఆమెను చూడ్డమే నా పని అయిపోయింది, దేశాన్ని ఫోటోల్లో తర్వాత చూసుకున్నాను. ప్రతి గుమ్మం దగ్గర, ప్రతి మెట్ల దగ్గర "లాభం", "రెండు", "మూడు" వినపడేది. మాకు ఇచ్చిన గైడు ఇరవై రెండేళ్ల జపాను అమ్మాయి. పెన్నుతో చేతి మీద రాసుకుని ఈ అంకెలు నేర్చుకుంది. తెలుగులో ఒకటిని లాభం అంటారని ఇవాళ్టికీ నమ్ముతూ ఉండాలి. ధరూరు నుంచి వచ్చిన మొదటి పిల్లను ఆ అంకెతోనే మర్యాదగా "లాభం-సాన్" అని పిలిచేది. అక్కడ "సాన్" అంటే మన "గారు". ధరూరు చరిత్రలో అంత గౌరవం ఎవరికీ దక్కలేదు.

మూడో రోజు మ్యూజియానికి నడుస్తుంటే రోడ్డు పక్కన గుంత తవ్వుతున్నారు. నలుగురు పనివాళ్లు, ఒక చిన్న యంత్రం, దారినపోయేవాళ్లకు వంగి వంగి దండాలు పెట్టే ఒక యూనిఫాం ఆయన. పిల్లలంతా యంత్రాన్ని ఫోటో తీస్తుంటే ఈమె గుంత అంచున కూర్చుని లోపలికి తొంగిచూసింది. గోడను అరచేత్తో తడిమింది. ఆ దండాల ఆయన కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. ఈమె మోచేతి నుంచి వేళ్ల దాకా మూర చూపించి, రెండు వేళ్లు ఎత్తి, గుంత వైపు తల ఊపింది. రెండు మూరల లోతు. ఆయన ఆగిపోయి, జేబులోంచి టేపు తీసి కొలిచాడు. కొలిచి ఈమె వైపు చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ భాష లేకుండా మట్టి గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.

"గోడలు నిలువుగ తీసిండ్రు. మేస్త్రి మంచోడే" అంది వస్తూ. కాస్త దూరం నడిచి, "అయితే మట్టి మోసెటందుకు ఒక్క ఆడమనిషి లేదేంది?" అంది. యంత్రం ఎత్తుతుందని చెప్పాను.  మ్యూజియంలో పురాతన రాజుల కత్తులు చూపిస్తుంటే నా చెవిలో, "ఆ మిషను నడిపేది ఆడమనిషైతే?" అని అడిగింది.  ఆమె ఆ ప్రశ్నను నా దగ్గర్నుంచి తీసుకెళ్లి సువార్తకు ఇచ్చింది. ఆ పిల్ల వెంటనే నోటుబుక్కులో రాసుకుంది.

నాలుగో రోజు వాన పడింది. బ్యాడ్జీలు తడిశాయి. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం ఒక పెద్ద స్టేషన్లో రైలు మారాలి. పెద్దది అంటే, మా మూడు జిల్లాల జనం మొత్తం ఒక మూల నిలబడినా అక్కడివాళ్లకు అడ్డం అనిపించదు. రైలు వచ్చింది, ఎక్కాం. తలుపు దగ్గర నిలబడి నేను పెన్నుతో తలలు లెక్కపెట్టాను. మా పిల్లల యూనిఫాం, నీలం గౌనులు, రెండు జడలు. పన్నెండు. గైడుకు బొటనవేలు చూపించాను. తలుపులు మూసుకున్నాయి.

పెద్దమ్మ తన లెక్క మొదలుపెట్టింది. నాకు చిరాకేసింది. "లాభం." "ఉన్న." "రెండు." "ఉన్న." అలా ఆరు దాకా వచ్చింది. "ఆరునొక్కటి" అంది. ఎవరూ పలకలేదు. మళ్లీ అంది.

"సారూ, ఆరునొక్కటి లేదు."

పన్నెండు సరిపోయిందని, నేనే లెక్కపెట్టానని, కావాలంటే మళ్లీ పెడతానని అన్నాను. మళ్లీ పెట్టాను కూడా. మళ్లీ పన్నెండే వచ్చింది. అప్పుడు ఆమె మా వరసలో కూర్చున్న ఒక పిల్ల తలమీద రెండు వేళ్లు పెట్టింది. ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తింది. నీలం గౌను, రెండు జడలు, చక్కని జపాను మొహం. ఏదో బడి నుంచి ఇంటికి పోతోంది పాపం.

"నీ లెక్క సరిపోయింది సారూ" అంది పెద్దమ్మ. "పిల్లనే సరిపోలే."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. తలుపు అద్దానికి మొహం ఆనించి, వెనక్కి పోతున్న గోడల్ని చూస్తూ నిలబడింది. కుడిచెయ్యి మాత్రం గుప్పిట పట్టి ఉంది. ఇటిక్యాలలో ఆ తల్లి పిల్ల చెయ్యి పెట్టింది ఆ చేతిలోనే. తర్వాతి స్టేషన్ రావడానికి నాలుగు నిమిషాలు పట్టిందని గైడు తర్వాత చెప్పింది. నేను నమ్మను. ఆ నాలుగు నిమిషాల్లో నేను ఇటిక్యాల వెళ్లి, ఆ తల్లి ముందు నిలబడి, ఏమీ చెప్పలేక తిరిగి రావడం పదకొండుసార్లు జరిగింది.

దిగాం, అటు రైలు పట్టుకుని వెనక్కి వెళ్లాం. స్టేషన్లో అడుగు పెట్టగానే మైకులో ఏదో ప్రకటన వినపడింది. గైడు అమ్మాయి ఆగిపోయి, మొహం తెల్లబోయి, నా వైపు తిరిగింది. భారతదేశం నుంచి వచ్చిన అరవై మంది పిల్లల బృందం ఎక్కడున్నా స్టేషన్ ఆఫీసుకు రావాలని పిలుస్తున్నారట.

ఆఫీసులో సువార్త ఒక కుర్చీలో కూర్చుని, కాగితం కప్పులో టీ తాగుతోంది. ప్లాట్‌ఫారం ఊడ్చే ఆయన బండి చక్రాలు చప్పుడు లేకుండా ఎలా తిరుగుతున్నాయో చూద్దామని వంగిందట, తలెత్తేసరికి రైలు లేదు. పెద్దమ్మ ముందే చెప్పింది గదా, తప్పిపోతే నడవొద్దు, నిలబడ్డ కాడనే కూసో, నేనే వస్త అని. ఆ పిల్ల ప్లాట్‌ఫారం మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పెద్దమ్మ దగ్గరికి పోయి, పిల్ల చెయ్యి పట్టుకుని, అయిదు వేళ్లూ ఒక్కొక్కటే తడిమి, "ఆకలైతుందా?" అంది. అంతే. ఆ చెయ్యి మాత్రం మళ్లీ వదల్లేదు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. తెల్ల చేతి తొడుగులు, నున్నటి టోపీ, నెరిసిన కనుబొమ్మలు ఉన్న ఒక పెద్దాయన బల్ల వెనక నుంచి లేచి, మాకు వంగి దండం పెట్టి, ఎంతో బాధగా ఒక ప్రశ్న అడిగాడు. గైడు నాకు ఇంగ్లీషులో చెప్పింది. ఈ అమ్మాయి అరవై ఒకటో నంబరు. మీరు తెచ్చినవాళ్లు పదకొండు మంది. తక్కినవాళ్లు ఎక్కడ?

సువార్త మెడలోని బ్యాడ్జీ చూశాను. వానకు ప్లస్ గుర్తు కరిగి, నీలి మచ్చయి, మాయమైపోయింది. మిగిలింది 6 1. ఆ పిల్లను ఎంతమంది అని ఇంగ్లీషులో అడిగితే "ట్వెల్వ్ సర్" అందట. వీళ్లు అది వయసనుకున్నారు. అరవై ఒకటో పిల్ల ఒంటరిగా దొరికిందంటే అరవై మంది పిల్లలు తమ స్టేషన్లోనే ఎక్కడో కొట్టుమిట్టాడుతున్నారని తేల్చుకుని, ఆరుగురు ఉద్యోగులు జెండాలు పట్టుకుని ప్లాట్‌ఫారాలన్నీ గాలిస్తున్నారు. ఇప్పుడు పన్నెండుమంది లెక్కకు వచ్చారు. అరవై ఒకటిలోంచి పన్నెండు తీసేస్తే నలభై తొమ్మిది. తీసివేతలో తప్పు లేదు. అదే కష్టం. ఆయన ఫారంలో ఆ నలభై తొమ్మిదికి ఒక గడి ఉంది, అది నిండేదాకా ఆయన మనస్సాక్షి మమ్మల్ని వదలడానికి ఒప్పుకోవడం లేదు. నేను ఇంగ్లీషులో వివరించబోయాను.  ఆ ఆఫీసులో ఏసీ మరీ ఎక్కువ, కళ్లజోడుకు తేమ పట్టింది. తీసి తుడుచుకోవడంలో కాస్త సమయం పోయింది.

పెద్దమ్మ నన్ను పక్కకు జరిపి బల్ల ముందుకు వచ్చింది. "సారూ, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు, నువ్వు ఏం కలపకు" అంది.

ఆమె పల్లెల్లో గింజలు కొలిచే సంగతి చెప్పింది. నేను ఇంగ్లీషు చేశాను, గైడు జపాను చేసింది. బ్యాడ్జీ చూపించి, ఆరు వేళ్లు, ఒక వేలు విడిగా పెట్టింది. మధ్యలో గీసి ఉన్న గీతలు వానకు పోయాయని గాల్లో గీసి చూపింది. ఏడును మాత్రం నోటితో అనలేదు. రెండు చూపుడు వేళ్లు కళ్ల కింద పెట్టి బుగ్గల మీదుగా కిందికి లాగింది. మా భాషలో ఆ అంకె పలికితే ఇది చెయ్యమన్నట్టే, పిల్ల మెడలో దాన్ని వెయ్యడానికి మనసొప్పలేదని చెప్పింది.

పెద్దాయన మూడు భాషలూ పూర్తయ్యేదాకా కదలకుండా విన్నాడు. తర్వాత కుడిచేతి తొడుగు మెల్లగా తీశాడు. నాలుగు వేళ్లు ఎత్తి చూపించాడు. "షి" అన్నాడు. అని, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చేశాడు.

మేమంతా హడలిపోయాం. గైడు నవ్వుతూ చెప్పింది. వాళ్ల భాషలో నాలుగును షి అంటే చావుకూ అదే మాటట. అందుకని చాలాచోట్ల దాన్ని అనరు, వేరే మాట వాడతారు. ఆయన మనవరాలికి కూడా బడిలో ఆ నంబరు రాకుండా చూశాడట.

"అగో. ఈయన గూడ మనోడే సారూ" అంది పెద్దమ్మ.

పెద్దాయన కళ్లు తెరిచి, ఫారంలో 61 కొట్టేసి, శుభ్రంగా, నిదానంగా 6+1 అని రాశాడు. ముద్ర వేశాడు. జెండాలవాళ్లను వెనక్కి పిలిచాడు. ఆమెకు వంగి దండం పెట్టాడు, ఆమె చేతులు జోడించింది, ఆయన ఇంకాస్త వంగాడు, ఆమె ఇంకాస్త వంగింది. ఆ పోటీ గైడు ఆపకపోతే ఇద్దరూ నేలకు ఆనేవారు. హోటల్‌కు వచ్చి చూసుకుంటే నా గది పక్కన 203 తర్వాత 205 ఉంది. అయిదు రోజులుగా ఆ కారిడార్లో నడుస్తున్న లెక్కల సారుకు అది కనపడలేదు.

రైల్లో తిరిగి వస్తూ సువార్త, మరి రాయచూరు దిక్కు కన్నడంలో ఆరునొక్కటిని ఏమంటారని అడిగింది. పెద్దమ్మ నవ్వింది. "ఏళు అంటరు బిడ్డా. అయితే వాళ్లకు ఏళు అంటే లెవ్వమని గూడ. ఆడ మేస్త్రి లెక్కవెడ్తుంటే సగం గుంపు లేసి నిలవడేది" అంది. పిల్లలు హోటల్ దాకా ఒకరినొకరు "ఏళు" అని లేపుతూనే ఉన్నారు.

మిగతా మూడు రోజులు నేను లెక్కపెట్టలేదు. పెన్ను జేబులో పెట్టుకుని ఆమె వెనక నడిచాను.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదులో దిగాక, పిల్లల్ని జిల్లా కేంద్రాల్లో అప్పగిస్తే చాలని ఉత్తర్వు. పెద్దమ్మ వినలేదు. ఎవరి చేతిలోంచి తీసుకుందో ఆ చేతిలోనే పెడతానంది. వ్యాను నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల అన్నీ తిరిగింది. ఒకచోట తల్లి దవాఖానలో ఉంటే అక్కడికే వెళ్లాం. నాకు పొమ్మని సెలవిచ్చింది గాని నేను పోలేదు. చివరిదాకా చూడాలనిపించింది.

చివరిది ఇటిక్యాల. సువార్త ఇంట్లో నాయనమ్మ ఉంది, తల్లి పత్తి ఏరడానికి పోయిందట. పిల్లను ఇక్కడ దింపి పొమ్మని నాయనమ్మ బతిమాలింది. ఈమె తల అడ్డంగా ఊపి, పిల్ల చెయ్యి పట్టుకుని చేనుకు నడిచింది. గట్ల మీదుగా వాళ్ల వెనక నేను. నా షూలో జపాను ఎంత మిగిలిందో గాని, ఇటిక్యాల మట్టి మాత్రం కిలో ఎక్కింది.

తల్లి ఒడినిండా పత్తితో లేచి నిలబడింది. పెద్దమ్మ పిల్ల చెయ్యి తీసి ఆ చేతిలో పెట్టింది. "ఇగో, సూస్కో. నీది నీకిచ్చిన" అంది.

తల్లి ఆ చేతిని ఇటూ అటూ తిప్పి చూసింది. పిల్ల మొహం చూసింది. మెల్లగా అడిగింది.

"ఆడ ఏమన్న ఏడ్చిందా అక్కా?"

"నీ బిడ్డ ఏడ్వలే చెల్లే. సారు ఏడ్చిండు. ఆ టోపాయన ముందట నిలవడి, పసిపిల్ల లెక్క ఏడ్చిండు."

కళ్లజోడు, ఏసీ, తేమ అని మీకు ఇందాక నేను చెప్పినదంతా అబద్ధం. తల్లి నా వైపు చూసింది. నవ్వుతుందనుకున్నాను. ఆమె ఒడిలోని పత్తి కుప్పలో పోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, గట్టు మీది నీళ్ల సీసా మూత తీసి, ముందు నాకే అందించింది.